నడుం నొక్కిన చేతులు

నాకు మురికంటే అసహ్యం. గొప్ప కోసం చెప్పడం లేదు, అది నాకు పుట్టుకతో వచ్చిన రోగం. నరసాపురం మిషను బడిలో దొరసానులు మాకు లేసు అల్లడం నేర్పినప్పుడు మొదటి పాఠం సూది పట్టుకోవడం కాదు, చేతులు కడుక్కోవడం. తెల్లదారం మీద వేలిముద్ర పడితే ఆ ముక్క వెనక్కి వచ్చేది. మిగతా పిల్లలు పూటకి రెండుసార్లు కడుక్కుంటే నేను పదిసార్లు కడుక్కునేదాన్ని. "సంపూర్ణమ్మ చేతులు అరిగిపోతాయే" అని ఎగతాళి చేసేవారు. అరిగితే అరిగాయి, శుభ్రంగా అరిగాయి.

అలాంటిదాన్ని తీసుకెళ్ళి పీతల్లంకలో పడేశాడు దేవుడు.

మా ఆయన పేరు ఆశీర్వాదం, ఆయనకి అక్కడి మిషను బడిలో పంతులుద్యోగం వచ్చింది. అది 1893. పీతల్లంక అంటే వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటుకి కాస్త ఎగువన చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు ఒక నలభై. ముందు నది, మిగతా మూడువైపులా మడచెట్లు, వాటి కింద నల్లటి బురద. పోటు వచ్చినప్పుడు ఆ బురద నీళ్ళ కిందికి పోయేది, పాటు తీసినప్పుడు మళ్ళీ బయటపడి బుడగలు కక్కేది. వాకిట్లో ఎండుచేపలు, పెరట్లో కుళ్ళిన పీత డిప్పలు, అన్నంలో ఈగలు. నేను రోజూ ఇల్లు రెండుసార్లు అలికేదాన్ని. అయినా రాత్రి పడుకుంటే దిండులోంచి బురదవాసన వచ్చేది.

నాకు ఏడో నెల వచ్చినప్పుడు మరిడమ్మ అనే ముసల్ది తనంతట తానే వచ్చింది. ఆ లంకలో పురుళ్ళన్నీ ఆమే పోసేది. నడుముకి ఆముదం రాస్తానంది. నేను ఆమె చేతులు చూశాను. గోళ్ళ కింద నలుపు, వేళ్ళ సందుల్లో మెరుస్తున్న చేప పొలుసులు. వెనక్కి జరిగాను.

"అక్కర్లేదు మరిడమ్మా. నేను పురుటికి నరసాపురం దొరసానుల ఆసుపత్రికి పోతాను" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఎల్లు తల్లీ, మంచిదే. కానీ పడవ ఎక్కేటప్పుడు పోటు సూసుకుని ఎక్కు. తలుపులమ్మ సంగతి తెలుసుగా" అంది.

తెలియదన్నాను. చెప్పింది. మూడేళ్ళ కిందట ఈ లంకలోనే ఉండే తలుపులమ్మకి మూడు రోజులు నొప్పులు వచ్చి బిడ్డ దిగలేదట. నరసాపురం తీసుకుపోదామని పడవలో వేశారట. పాటు తీసి పడవ మడ దగ్గర బురదలో కూరుకుపోయింది. ఆ పడవలోనే, కడుపులో బిడ్డ కడుపులోనే ఉండగా ప్రాణం పోయింది. పోటు ఎక్కుతోందని మగవాళ్ళు భయపడి అక్కడే బురద తవ్వి పూడ్చేశారు. కడుపులో బిడ్డని తీసి వేరుగా పూడ్చాలి, అది వాళ్ళ ఆచారం. ఆ పని చెయ్యలేదు.

"అంత నొప్పీ పడింది. బిడ్డని మాత్రం సూడలేదు. నొప్పి పడ్డదాందే బిడ్డ గదమ్మా, దానికింకా బాకీ ఉండిపోయింది" అంది మరిడమ్మ. చదువులేని మాటలని నేను నవ్వుకున్నాను. ఆమె వెళ్ళాక ఆమె కూర్చున్న చోట అలికాను.

ఆగస్టులో గోదావరికి ఎర్రనీరు వచ్చింది. వరద అంటే అలాంటిలాంటిది కాదు, దుంగలూ గడ్డివాములూ చచ్చిన గేదెలూ కొట్టుకొచ్చాయి. ఆసుపత్రికి బయలుదేరడానికి ఇంకా పదిహేను రోజులు గడువుందనుకున్నాను. ఒక శనివారం పొద్దున్న గంజి కాస్తుంటే ఉమ్మనీరు పోయింది.

మా ఆయన రేవుకి పరుగెత్తి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. "ఎవరూ పడవ తియ్యలేమంటున్నారు సంపూర్ణం. మరిడమ్మని పిలవనా?"

పిలవక చేసేదేముంది? ఏరు దాటలేనప్పుడు పుట్టి నడిపేవాడే దేవుడు. కానీ ఆమె గుమ్మం తొక్కగానే సబ్బు ఇచ్చి మోచేతుల దాకా మూడుసార్లు కడిగించాను. ఒకవైపు నొప్పి వస్తుంటే పళ్ళు బిగబట్టి నిలబడి ఆమె గోళ్ళు తనిఖీ చేశాను. ఆమె నవ్వుకుంటూ కడుక్కుంది.

మా ఇంట్లో వెనక చిన్నగది పురుటికి సిద్ధం చేశారు. దానికి ఒకే కిటికీ. గాలి సోకితే సంధిజ్వరం పుడుతుందని మరిడమ్మ దాంట్లో గోనెసంచి కుక్కింది. పట్టపగలు ఆ గది చీకటిగుయ్యారమైంది. కుంపట్లో వేపాకు పొగ, ప్రమిదలో ఆముదం, బయట వాన. దూలానికి పడవ మోకు ఒకటి వేలాడదీసింది, నొప్పి వచ్చినప్పుడు పట్టుకుని వేలాడాలట. ఆ మోకు ఎన్ని వలలు లాగిందో, ఎన్ని చేపల జిగురు తాగిందో! పట్టుకుంటే అరచేతులకి జిడ్డు అంటింది. వాంతి చేసుకున్నాను.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ముసల్దానికి పని తెలుసు. పడుకోనివ్వలేదు. గదిలో అటూ ఇటూ నడిపించింది. నొప్పి వచ్చినప్పుడు మోకు పట్టించి గొంతుకూర్చోబెట్టింది. రాళ్ళుప్పు మూకుట్లో వేయించి మూట కట్టి నడుముకి కాపడం పెట్టింది. అన్నిటికంటే హాయి, ఆమె నా వెనక కూర్చుని అరచేతి మడమలతో నడుము కింది ఎముకని నొక్కడం. ఎక్కడ నొక్కాలో, ఎంత నొక్కాలో, ఎప్పుడు వదలాలో ఆమె చేతులకే తెలుసు. విరిగిపోతున్న నడుముని ఎవరో రెండువైపులా పట్టుకుని అతికినట్టుండేది.

మధ్యాహ్నానికి అవేవీ చాల్లేదు. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే సందు లేకుండా పోయింది. నేను కీర్తన పాడబోయి మొదటి చరణంలోనే అరుపులోకి దిగాను.

"ఊపిరి బిగబట్టకు పంతులమ్మా" అంది వెనకనుంచి. "నొప్పిని లోపల దాసుకోకూడదు, ఇచ్చెయ్యాలి. మా ఆడాళ్ళందరూ గోదారి తల్లికే ఇస్తారు. 'నా నొప్పి గోదారికిచ్చేనూ' అని పొడుగ్గా ఊపిరి వదులు. ఆ తల్లి ఎంతైనా మోస్తాది."

"నేను ఏటికి మొక్కను."

"మొక్కొద్దు. ఇచ్చెయ్, సాలు. ఎవరికిత్తన్నావో మాత్రం పేరు సెప్పి ఇవ్వు."

అందులో దెయ్యమూ లేదు, దేవుడూ లేదు. అంత పొడుగు మాట అంటూ ఊపిరి వదిలితే ఒళ్ళు వదులవుతుంది, అంతే. ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం అది విగ్రహారాధనలాగే కనబడింది. వేళ్ళ సందుల్లో పొలుసులున్న మనిషి నాకు ప్రార్థన నేర్పడమా అని ఒళ్ళు మండింది. ఇంతలో అన్నిటికంటే పెద్ద నొప్పి వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

"సెప్పమ్మా! ఎవరికిచ్చేవు?"

"ఎవరికైతేనేం! ఎవరు తీసుకుంటే వాళ్ళకిచ్చాను, పో!" అని అరిచాను.

నడుం మీద ఆమె చేతులు ఆగిపోయాయి.

"అలా అనకూడదమ్మా" అని మెల్లగా అంది. లేచింది. కాపడానికి ఉప్పు వేడిచేసుకొస్తానని వంటింట్లోకి వెళ్ళింది. తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది.

నేను కళ్ళు మూసుకుని, మోకు పట్టుకుని, తలుపుకి ఎదురుగా గొంతుకూర్చుని ఉన్నాను. మళ్ళీ నొప్పి మొదలైంది. మొదలవుతుండగానే రెండు చేతులు నా నడుం మీద పడ్డాయి. సరిగ్గా అక్కడే. మరిడమ్మ కంటే బాగా నొక్కాయి. చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం ఎముకలోకి దిగింది, దిగినకొద్దీ నొప్పి వెనక్కి పోయింది. తగ్గడం కాదు... పోయింది. పంటి కింద రాయి తీసేసినట్టు పోయింది.

"అమ్మయ్య... అలాగే నొక్కు, వదలకు" అన్నాను.

చేతులు వదల్లేదు. కడుపు మీద చెయ్యి వేసి చూసుకున్నాను. రాయిలా గట్టిపడి ఉంది. నొప్పి మాత్రం లేదు. నా బతుకులో అంత హాయి ఎప్పుడూ ఎరగను. కళ్ళంట నీళ్ళు వచ్చాయి. నిద్ర కూడా వచ్చింది.

అప్పుడు వాసన తగిలింది.

బురద. పాటు తీసినప్పటి బురద. దాని కింద ఇంకేదో, డిప్పలోపల కుళ్ళిన పీత మాంసంలాంటిది, తియ్యగా. నా నడుం మీద ఏదో జారుతోంది. నూనె అనుకున్నాను. నూనె గరగరలాడదు. ఇసుక... సన్నటి ఇసుక కలిసిన జిగురు. కారి నా మడమల దగ్గర చేరుతోంది. ఒక వేలు నొక్కినప్పుడు, దాని చివర మెత్తగా ఉన్నది ఊడి నా చర్మానికి అంటుకుపోయింది...

మరిడమ్మ చేతులు మూడుసార్లు కడిగించానే అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది.

మరిడమ్మ నా ఎదురుగా, చేతిలో ఉప్పుమూటతో నిలబడి ఉంది.

వెనక చేతులు నొక్కుతూనే ఉన్నాయి.

నేను మోకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మరిడమ్మ నా మొహమే చూస్తోంది, నా భుజం వెనక్కి ఒక్కసారి కూడా చూడలేదు. ఉప్పుమూట కింద పెట్టి, మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి నా పొట్ట తడిమింది. చెవి ఆనించింది.

"నొప్పుందా?" గుసగుసగా అడిగింది.

"లేదు..."

"ఎంతసేపయింది?"

"నువ్వెళ్ళినప్పటినుంచి..."

అప్పుడే వెనకనుంచి మూలుగు వినబడింది. నా కడుపు గట్టిపడినప్పుడల్లా మూలుగుతోంది. వదులైనప్పుడు ఆగుతోంది. పళ్ళు బిగబట్టి, ఓర్చుకుంటూ... పురిటి నొప్పులు పడే మనిషి మూలుగు. నా నొప్పులు. నా వెనక ఎవరో నా నొప్పులు పడుతున్నారు.

మరిడమ్మ నోరు నా చెవికి ఆనించింది. "తలుపులమ్మ తీసుకుంది. ఇంకో నాలుగు నొప్పులు అదే పడితే బిడ్డ దానిదైపోద్ది. బిడ్డ ఆడటం తగ్గిందమ్మా. అడుగు. నా నొప్పి నాకిమ్మని అడుగు."

అడగాలి. మూడు మాటలు. నోరు తెరిచాను.

ఇప్పుడు చెప్పేది మా ఆయనకి గాని, పాదిరిగారికి గాని చెప్పలేదు. నేను వెంటనే అడగలేదు. ఆ నొప్పి మళ్ళీ రావాలా అనిపించింది. ఆ రోత చేతులు నా ఒంటి మీద పాకుతున్నాయి, ఆ జిగురు నా మడమల దగ్గర చేరింది. నాకు డోకు వస్తోంది, అయినా ఇంకొక్క క్షణం అనుకున్నాను. ఇంకొక్క నొప్పి అదే పడితే ఏం పోతుంది అనుకున్నాను. మురికంటే అసహ్యం అన్నానే, ఆ నిమిషం నా మనసుకంటే మురికిది ఆ గదిలో లేదు.

వెనక మూలుగు ఆగింది. మళ్ళీ మొదలైంది. నాలుగింట్లో రెండోది.

"అడగమ్మా!" మరిడమ్మ నా చెంప మీద కొట్టింది.

"నా... నా నొప్పి నాకిచ్చెయ్" అన్నాను.

చేతులు బిగుసుకున్నాయి. నడుం మీంచి ముందుకి పాకాయి. నా పొట్ట చుట్టూ అల్లుకున్నాయి. కిందికి చూశాను. చూడకుండా ఉండాల్సింది. పది వేళ్ళు, నల్లగా, నానిపోయి ఉబ్బి... ఒక గోటి సందులోంచి సన్నటి బురదపురుగు బయటికొచ్చి నా బొడ్డు మీద పాకింది. తడి చెంప ఒకటి నా వీపుకి ఆనింది.

"నా నొప్పి నాకిచ్చెయ్. బిడ్డ నాది" అన్నాను.

వీపు మీదే పెదాలు కదిలాయి. బుడగలు పగిలినట్టు మాట.

"కొంచెం... కొంచెం నాకుంచు..."

మరిడమ్మకి అది వినబడలేదు. ఆమె నా మొహంలోకే చూస్తోంది. ఒద్దనాలి. ఒక్క చుక్క కూడా ఒద్దు, అంతా నాదే అనాలి. నాకు తెలుసు. కానీ ఆ చేతులు నా ఒంటి మీంచి పోవాలి, ముందు పోవాలి. పైగా వచ్చే నొప్పిలో కొంచెం తగ్గితే తగ్గింది కదా అనే ఆశ కూడా ఉంది. తలాడించాను.

పెదాలు కదిపి, చప్పుడు రాకుండా, "ఉంచుకో" అన్నాను.

చేతులు విడిపోయాయి. ఆగిన నొప్పులన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. మోకు పట్టుకుని వేలాడాను. ఆ కంపు మోకునే పళ్ళతో కొరికాను. మరిడమ్మ పొలుసుల చేతులు నన్ను పొదివి పట్టుకున్నాయి. వాటిని ముద్దుపెట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. బిడ్డ ఏడుపు వినబడింది.

"ఆడపిల్ల" అంది మరిడమ్మ. బొడ్డు కోసి, నీళ్ళు పోసి నా పక్కన పడుకోబెట్టింది. తర్వాత గోనెసంచి తీసి వెలుతురులో నేల చూసింది. నేను గొంతుకూర్చున్న చోటికి వెనక, రెండు మోకాళ్ళు ఆనినట్టు రెండు గుంటలు, వాటి నిండా నల్లనీళ్ళు.

"అంతా అడిగి తీసుకున్నావా పంతులమ్మా? ఏమీ వదల్లేదుగా?"

"అంతా తీసుకున్నాను" అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. గుంటల్లో ఉప్పు పోసి పూడ్చింది.

బిడ్డకి రత్నమాణిక్యం అని పేరు పెట్టాం. ఆ ఏడాదే బతిమాలి బతిమాలి మా ఆయన చేత నరసాపురం బదిలీ చేయించుకున్నాను. ఆసుపత్రికి నాలుగడుగుల దూరంలో పెంకుటిల్లు, సున్నం కొట్టిన గోడలు, నాపరాళ్ళ నేల. బురద అన్నది కంటికి కనబడదు.

పసిపిల్లల మాడు పాలవాసన వేస్తుందంటారు. మాణిక్యం మాడు అలా వెయ్యదు. పొద్దున్న కడుగుతాను, మధ్యాహ్నం కడుగుతాను, రాత్రి కడుగుతాను. పాటు తీసిన వాసన మళ్ళీ వస్తుంది. "పిల్లనుకున్నావా, ఇత్తడి చెంబనుకున్నావా? అలా తోముతావేంటి?" అంటాడు మా ఆయన. ఆయనకి ఏ వాసనా రాదట. పిల్ల వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తే నాకు వెన్ను జలదరిస్తుంది. కన్నబిడ్డని చూస్తే తల్లికి అసహ్యం వేస్తుందని ఎవరితో చెప్పుకోను? కొంచెమే కదా వదిలాను అనుకుంటాను. ఎంత కొంచెమో నాకు తెలియదు.

ఇప్పుడు మాణిక్యానికి నాలుగేళ్ళు. నాకు మళ్ళీ నిండు నెలలు. లెక్క దాటి పది రోజులైంది. ఇంకా నొప్పులు రాలేదు. ఆసుపత్రి దొరసాని చూసి, కంగారు లేదు, నొప్పులు రాగానే రమ్మంది.

ఈ మధ్యాహ్నం వీధివరండాలో కూర్చుని లేసు అల్లుతున్నాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఇంట్లో చడీచప్పుడూ లేదు. పిల్లలున్న ఇంట్లో చప్పుడు లేకపోతే ఏదో కొంప మునుగుతోందని అర్థం. లేచి వెనకగదిలోకి వెళ్ళాను.

మాణిక్యం చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చాప మీద ఎవరూ లేరు. రెండు అరచేతుల మడమలూ ఆనించి, ఒళ్ళంతా బరువు వేసి, నొక్కుతోంది. ఆగుతోంది. మళ్ళీ నొక్కుతోంది. ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు వదలాలో తెలిసిన చేతులవి. దానికి ఎవరూ నేర్పలేదు.

"ఏం చేస్తున్నావే?"

"నడుం నొక్కుతున్నా" అంది తలెత్తకుండా. "అమ్మకి నొప్పులొచ్చాయి."

"నాకేం నొప్పుల్లేవే తల్లీ..."

అది నా వైపు చూసింది. అన్నది నిన్ను కాదు అన్నట్టు చూసింది. మళ్ళీ చాప వైపు తిరిగింది.

నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. పొట్ట రాయిలా గట్టిపడి ఉంది. మెల్లగా వదులైంది. మళ్ళీ గట్టిపడింది. పొద్దుటినుంచీ ఇలా ఉందో, నిన్నటినుంచో! ఎక్కడా చుక్క నొప్పి లేదు. ఎంతో హాయిగా ఉంది.

"అమ్మా" అంది మాణిక్యం, "ఈసారి కొంచెం చాలదంట."

దాని చేతులు నేను అన్నం పెట్టేముందు సబ్బుతో కడిగాను. ఇప్పుడు మోచేతుల దాకా నల్లటి బురద. కొత్త చాప మధ్యలో, ఒక మనిషి పక్కకి తిరిగి పడుకున్నంత మేర తడి. నేను చూస్తుండగానే ఆ తడి కాస్త వెడల్పయింది.

అడగాలి. మూడు మాటలే.

నోరు తెరిచాను.